కొత్త టీచర్లకు భూగోళ క్షేత్ర శిక్షణ: వెళ్లండి, రాత్రులు కూడా అక్కడే ఉండండి

మీరు అడిగింది ఇది: ఈ మధ్యే సోషల్ స్కూల్ అసిస్టెంటుగా చేరారు. డిగ్రీలో చదివింది చరిత్ర, రాజనీతి శాస్త్రం. భూగోళం పదో తరగతితోనే ఆగిపోయింది. ములుగు వైపు నాలుగు రోజుల క్షేత్ర శిక్షణ, బస కూడా అక్కడే అంటున్నారు. ఇంట్లో మూడేళ్ల పాప ఉంది. పగలు వెళ్లి సాయంత్రానికి హన్మకొండ తిరిగి వచ్చేస్తే సరిపోదా అని మీ సందేహం.

సరిపోదు. పాపను చూసుకునే మనిషి ఇంట్లో ఉంటే నాలుగు రోజులూ అక్కడే ఉండండి. నేనూ చరిత్ర విద్యార్థినినే. ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది, డిసెంబరు చివరి వారంలో, రామప్ప గుడి ఉన్న పాలంపేట దగ్గర ఇలాంటి శిబిరానికే వెళ్లాను. బడి గదుల్లో చాపలు పరుచుకుని పడుకున్నాం. ఆ నాలుగు రోజులు లేకపోతే నేను ఇప్పటికీ భూగోళాన్ని నోట్సు చెప్పి రాయించే టీచరుగానే ఉండేదాన్ని.

మొదటి రాత్రి భోజనాలయ్యాక మాకు ఒకే ప్రశ్న వేశారు. మీ ఊరి చెరువు నిండి మత్తడి (అలుగు) దూకితే ఆ నీళ్లు చివరికి ఏ నదిలో కలుస్తాయి? నాది నర్సంపేట వైపు. మాకు పెద్ద చెరువంటే పాకాలే. ఆలోచించకుండా గోదావరి అన్నాను. వరంగల్ వాళ్లకు గోదావరి దగ్గర కదా, అందులోనే కలుస్తుందని నా లెక్క. మ్యాపు పరిచి వేలితో గీత వెంబడి వెళ్లమన్నారు. పాకాల నీళ్లు మున్నేరుగా మారి ఖమ్మం మీదుగా దక్షిణానికి పోయి కృష్ణలో కలుస్తున్నాయి. మేము కూర్చున్న చోటికి దగ్గరలోనే ఉన్న రామప్ప చెరువు నీళ్లు మాత్రం గోదావరివి. అంటే రెండు పెద్ద నదుల మధ్య నీటిని విడదీసే మిట్ట మన నేల మీదుగానే పోతోంది. నర్సంపేట నుంచి ములుగుకు బస్సులో ఎన్నిసార్లు తిరిగానో, ఒక్కసారీ ఆ సంగతి తోచలేదు. ఆ రాత్రి పదకొండు దాటినా ఎవరూ పడుకోలేదు. ఒక్కొక్కరూ తమ ఊరి వాగును మ్యాపులో వెతుక్కుంటూనే ఉన్నారు. పగలు వచ్చి సాయంత్రం బస్సెక్కే శిక్షణలో ఇది జరగదు.

రెండో రోజు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఊరి బయట ఒక చిన్న కుంట దగ్గరకు తీసుకెళ్లారు. నీళ్లు తగ్గుతూ వచ్చిన కొద్దీ ఒడ్డు మట్టి మీద వరసగా మరకలు మిగిలాయి. మాకు శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్ పాఠమేమీ చెప్పలేదు. తలా ఒక ముగ్గు పొట్లం ఇచ్చి, ఒక్కొక్కరూ ఒక్కో మరకను పట్టుకుని దాని మీదే ముగ్గు పోస్తూ నడవమన్నారు. పావుగంట నడిచాం. తర్వాత కట్ట ఎక్కి చూడమన్నారు. కట్ట వైపు వాలు నిటారుగా ఉన్న చోట తెల్లగీతలు ఒకదానికొకటి ఆనుకున్నట్టున్నాయి. శిఖం వైపు, అంటే కుంట లోపలి నేల మెల్లగా పైకి లేచే చోట, గీతల మధ్య బారెడేసి దూరం. ఏ గీతా ఇంకో గీతను దాటలేదు. అప్పుడు నేల ఎత్తుపల్లాలు చూపే మ్యాపు, టోపో షీటు, విప్పి గుట్టల చుట్టూ ఉన్న గోధుమరంగు గీతలు చూపించారు. నీళ్లు ఒక మట్టంలో నిలిస్తే ఆ అంచే కాంటూరు రేఖ. మా చేతిలో ఉన్నది 1:50,000 షీటు (మ్యాపు మీద ఒక సెంటీమీటరంటే నేల మీద అర కిలోమీటరు), అందులో గీతకూ గీతకూ 20 మీటర్ల ఎత్తు తేడా. కుంట దగ్గర మేము గీసిన వాటి మధ్య ఎత్తు తేడా జానెడు కూడా లేదు. తేడా అంతే.

అంతకుముందు ఏడాదంతా నేను పిల్లల చేత "సముద్ర మట్టం నుంచి సమాన ఎత్తులో ఉన్న ప్రదేశాలను కలిపే రేఖలు" అని బట్టీ పట్టించాను. ఆ మాటల వెనుక ఏముందో నాకే తెలియదు. కట్ట మీద నిలబడి ఆ పిల్లలే గుర్తొచ్చారు. చాలా బాధ వేసింది.

కుంట దగ్గరే నీరటి పని, అంటే పొలాలకు నీళ్లు వదిలే పని చేసే పెద్దాయన కలిశారు. తూము ఎప్పుడు ఎత్తుతారు, ఆయకట్టులో ముందు ఎవరి మడికి నీళ్లు, కింది చెరువు నిండాలంటే ఈ కుంట ఎన్నిసార్లు మత్తడి దూకాలి, అన్నీ చెప్పారు. ఒకటి నిండి ఇంకోదానిలోకి పారే గొలుసుకట్టు చెరువుల గురించి ఎన్నో చదివాను గానీ, ఆయన చేత్తో చూపిస్తూ చెప్పిన పది నిమిషాలే నాకు పాఠమయ్యాయి. మీరు వెళ్లినప్పుడు ఇలాంటి వాళ్లను ప్రశ్నావళి కాగితం పట్టుకుని అడగకండి. పక్కన కూర్చుని వినండి.

మూడో రోజు నీడ కర్ర. బడి ఆవరణలో మీటరు కర్ర నిలువుగా పాతి, దాని మొదట్లో నాలుగడుగుల తాడు కట్టి వృత్తం గీశాం. నీడ కొన పొద్దున వృత్తాన్ని తాకిన సమయం, మధ్యాహ్నం మళ్లీ తాకిన సమయం రాసుకున్నాం. రెండింటికీ సరిగ్గా మధ్య సమయం 12 గంటల 10 నిమిషాలు వచ్చింది. పన్నెండే రావాలి కదా, నా గడియారం తప్పనుకున్నాను. తప్పు కాదు. మన గడియారాలు నడిచేది కాకినాడ సమీపం నుంచి పోయే 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రకారం. పాలంపేట 80 డిగ్రీలకు కాస్త ఇవతల. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున సూర్యుడు మన నడినెత్తి రేఖకు చేరేసరికి ఆ పది నిమిషాలు పడతాయి. వృత్తం మీది ఆ రెండు గుర్తుల మధ్య బిందువును కర్రతో కలిపితే ఉత్తరం దిక్కూ తేలింది.

రాత్రి అదే గీత వెంట చూస్తే ధ్రువ నక్షత్రం దొరికింది. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. దిగంతం నుంచి నక్షత్రానికి రెండు పిడికిళ్ల కంటే కాస్త తక్కువ. ధ్రువ నక్షత్రం ఎన్ని డిగ్రీల ఎత్తులో కనిపిస్తే దాదాపు అదే మన అక్షాంశం, 18 డిగ్రీలు. ఆ సమయంలో పైన శర్మిష్ఠ (కాసియోపియా) నక్షత్ర మండలం ఉంది, సప్తర్షుల జాడ లేదు. తెల్లవారుజామున అయిదింటికి దుప్పట్లు కప్పుకుని మళ్లీ వచ్చి చూశాం. సప్తర్షులు పైకి వచ్చేశారు, శర్మిష్ఠ దిగిపోయింది, ధ్రువ నక్షత్రం మాత్రం అదే చోట ఉంది. భూభ్రమణం అనే మాటను ఆ తర్వాత నేను ఎప్పుడూ గ్లోబు తిప్పి మాత్రమే చెప్పలేదు. రాత్రులు ఉండమని మిమ్మల్ని ఇంతగా అడగడానికి ఇదీ ఒక కారణం.

అన్ని శిబిరాలూ ఇలా ఉండవు, అదీ చెప్పాలి. తర్వాత కొన్నేళ్లకు ఇంకో చోటికి పిలిస్తే వెళ్లాను. ఒక్క రోజులో బస్సులో అయిదు చోట్లు తిప్పారు, ప్రతిచోటా ఫోటో తీసుకుని ఎక్కడమే. ఈ రోజు ఏ ఒక్కటీ గుర్తులేదు. మీ శిబిరం కార్యక్రమ పట్టిక ముందే అడిగి చూడండి. చోట్లు ఎక్కువగా, ఒక్కో చోట సమయం తక్కువగా ఉంటే, ఒకటి రెండు తగ్గించమని మర్యాదగా అడగండి. మహిళలకు గది, స్నానాల గది విడిగా ఉన్నాయో లేదో కూడా అడగండి, మొహమాటపడవద్దు. మా శిబిరంలో ఆ ఏర్పాటు సరిగా లేక మొదటి రోజు ఇబ్బంది పడ్డాం. అడిగాకే సర్దారు.

రామప్ప గుడికి ఎలాగూ తీసుకెళ్తారు. 1213లో కట్టిన గుడి, 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది, ఇవన్నీ మీకు తెలిసినవే. మీరు చరిత్ర చదివినవారు కాబట్టి శిల్పాల దగ్గరే ఆగిపోతారు. ఒక్క పది నిమిషాలు రాళ్లనే చూడండి. గోడలది ఇసుకరాయి, నల్లగా నిగనిగలాడే శిల్పాలది డోలరైటు అనే గట్టి నల్లరాయి. హన్మకొండ గుట్టల గ్రానైటు మధ్య నుంచి బయల్దేరి భూపాలపల్లి బొగ్గు నేలల వైపు వెళ్లే దారిలో రాయి ఎక్కడ మారుతుందో బస్సు కిటికీలోంచి చూస్తూ వెళ్లండి.

వెళ్లేలోపు ఒక పని చేసి పెట్టుకోండి. మీ బడి ఉన్న ఊరి చెరువు మత్తడి ఏ వైపు ఉందో, ఆ నీళ్లు ఏ చెరువులోకి, ఏ వాగులోకి పోతాయో ఊళ్లో పెద్దవాళ్లను అడిగి కాగితం మీద గీసుకోండి. గోదావరా, కృష్ణా అన్నది మాత్రం అప్పుడే మ్యాపు చూసి తేల్చేయకండి, శిబిరంలో మొదటి రాత్రికి ఉంచుకోండి.