అనెమొనీ దుంపలకు ఎన్ని నీళ్లు పోయాలి?

విజయనగరం నుంచి ఈమధ్యే ఇంగ్లండ్ వచ్చిన ఒక చెల్లెలు అడిగింది: "అక్కా, అనెమొనీ అనే పూలమొక్క దుంపలు కొన్నాను. చూస్తే శొంఠి ముక్కల్లా ఉన్నాయి. ఈ చలికి బతుకుతాయా?"

నిక్షేపంగా బతుకుతాయమ్మా. ఇక్కడి మామూలు మంచును అవి తట్టుకుంటాయి. వాటి ప్రాణం తీసేది నిలవ నీరు. మన విజయనగరం, శ్రీకాకుళం ఎండలకు రెండు పూటలా కుండీలు తడిపిన చేతులు మనవి, ఊరుకోవు. ఇక్కడ చలికాలమంతా ఆ పని వాన చూసుకుంటుంది. మీరు చూసుకోవలసింది నీరు దిగిపోయే దారి. లండన్ చుట్టుపక్కల బంకమట్టి ఎక్కువ కాబట్టి ముతక ఇసుక, బాగా చివికిన ఎరువు ధారాళంగా కలపండి. అద్దె ఇల్లయితే అడుగున రంధ్రాలున్న కుండీలే మేలు, ఇల్లు మారినా వెంట వస్తాయి.

మన ఊళ్లో పైడితల్లి సిరిమాను తిరిగే రోజులే, అంటే దసరా వెళ్లాక అక్టోబరు ప్రాంతం, నాటడానికి అదను. నాటే ముందు కొన్ని గంటలు దుంపలను నీళ్లలో నాననివ్వండి. ముడతలు విప్పుకుని ఉబ్బుతాయి. రోజుల తరబడి వదిలేస్తే కుళ్లుతాయి. తల ఏదో తెలియకపోతే అడ్డంగా పెట్టండి, మొలక తన దారి తాను చూసుకుంటుంది. లోతు 5 సెంటీమీటర్లు, ఎడం 8 నుంచి 10 ఉంటే చాలు. ఒకసారి తడిపి వదిలేయండి. లేత చిగుళ్లకు నత్తల బెడద ఉంటుంది, కనిపెట్టి ఉండండి.

మీరు కొన్నది డి కాన్ (De Caen) అనే రకమైతే వసంతంలో ఎరుపు, నీలం, తెలుపు పూలు వస్తాయి. మొగ్గ కిందే చీలికల ఆకులు గుండ్రంగా అల్లుకుని ఉంటాయి. కాడ సాగి, పువ్వు ఆ ఆకులను విడిచి పైకి లేచాక కోయండి. జాడీలో చాలా రోజులు నిలుస్తుంది. జడలో మాత్రం పెట్టుకోకండి. కాడ రసం చర్మాన్ని మండిస్తుంది, మొక్క తింటే విషం. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం. పూలు అయిపోయాక ఆకులు వాటంతట అవే పండేదాకా కోయకండి, వచ్చే ఏటి బలం దుంపకు చేరేది అప్పుడే.

జపాన్ అనెమొనీ వేరే రకం. వేసవి చివర్లో పూస్తుంది, వేళ్లతో పాకి పెరడంతా ఆక్రమిస్తుంది. అద్దె పెరట్లో నేల మీద వద్దు.

అమ్మ అడిగిందని దుంపలు సూట్‌కేసులో ఊరికి తీసుకెళ్లకండి. ఇండియాలోకి మొక్కలు, దుంపలు తేవడానికి 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు కింద అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. పైగా మన తీరపు వేడిలో అవి నిలవవు. అమ్మకు చామంతి నారు కొనిపెట్టండి.