జాతీయ సంఘం మా హైదరాబాద్ చాప్టర్‌ని రద్దు చేసింది, చెల్లుతుందా?

ప్రశ్న: జీడిమెట్లలో నాకు చిన్న యూనిట్ ఉంది. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, 22 మంది పనిచేస్తారు. మా రంగంలోని ఒక జాతీయ తయారీదారుల సంఘంలో తొమ్మిదేళ్లుగా సభ్యులం. సంఘం ఆఫీసు ఢిల్లీలో ఉంది. దేశం మొత్తం మీద 640 మంది సభ్యులుంటే హైదరాబాద్ చాప్టర్‌లో 48 మందిమి ఉన్నాం. మేం ఎన్నుకున్న చాప్టర్ కమిటీని రద్దు చేసి, కన్వీనర్‌ని నియమిస్తున్నామని పోయిన నెల ఢిల్లీ నుంచి మెయిల్ వచ్చింది. కారణం ఒక్క ముక్క లేదు. ఎగ్జిబిషన్ పెట్టి మేం పోగుచేసిన డబ్బున్న ఖాతా కూడా వాళ్ల చేతికి పోయింది. లెక్కలు అడిగితే ఆఫీసువాళ్లు ప్రెసిడెంట్‌ని అడగమంటారు, ఆయన డైరెక్టర్ జనరల్‌ని అడగమంటారు. అసలు ఇలాంటి సంఘంలో అధికారం ఎవరిది? మేం హైదరాబాద్‌లోనే కేసు వేయొచ్చా? ఇంకో మాట, వచ్చే నెల నుంచి ఫలానా రేటుకు తగ్గించి ఎవరూ అమ్మొద్దని సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టారు. పాటించకపోతే సభ్యత్వం తీసేస్తారా?

(పేరు, సరుకు వివరాలు మేమే తీసేశాం.)

జవాబు: చాప్టర్ గొడవ మీకు పెద్దదిగా కనిపిస్తోంది గానీ, చివర్లో ‘ఇంకో మాట’ అని రాసిన దానికే నాకు టెన్షన్ పట్టుకుంది. దాని సంగతి కింద వివరంగా చెబుతాను. అంతవరకు ఆ మెసేజ్ కింద మీరు గానీ, మీ మేనేజర్ గానీ ‘ఓకే’ అని పెట్టకండి.

ముందు ఒక చిన్న పని చేయండి. ఢిల్లీ నుంచి వచ్చిన ఏదైనా పాత ఉత్తరం తీసి లెటర్‌హెడ్ అడుగున చూడండి. 21 అక్షరాలు, అంకెలు కలిసిన ఒక నంబరు ఉంటే అది కంపెనీ గుర్తింపు సంఖ్య. అందులో రాష్ట్రం కోడ్, నమోదైన సంవత్సరం, ఆ తర్వాత ఎన్‌పీఎల్ అనే మూడక్షరాలు ఉంటే మీ సంఘం కంపెనీల చట్టం 2013లోని సెక్షన్ 8 కింద నడిచే లాభాపేక్ష లేని కంపెనీ. పాత 1956 చట్టంలో దీన్నే సెక్షన్ 25 అనేవాళ్లు. అలాంటి నంబరు లేకుండా ‘రిజిస్టర్డ్ సొసైటీ’ అని ఉంటే 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కిందిది. ఇదే సంఘం తెలంగాణలో రిజిస్టర్ అయి ఉంటే 2001 నాటి మన సొసైటీల చట్టం వర్తించేది. అన్నట్టు, జాతీయ సంఘమంటే ఢిల్లీలోనే ఉండాలన్న రూలేమీ లేదు. బల్క్ డ్రగ్ తయారీదారుల జాతీయ సంఘానికి హెడ్డాఫీసు మన హైదరాబాదే.

మీరు పంపిన మెయిల్ కాపీ అడుగున ఎన్‌పీఎల్ నంబరు కనిపించింది. కాబట్టి సెక్షన్ 8 కంపెనీ అనే అనుకుని చెబుతున్నాను.

అధికారం ఎవరిదన్నారు. ఇలాంటి సంఘాల అమరిక దాదాపు అన్నిచోట్లా ఒకటే. అందరికంటే పైన సర్వసభ్య సమావేశం. ఆ సభ్యుల్లో మళ్లీ రకాలు. సొంత తయారీ యూనిట్ ఉన్నవాళ్లు సాధారణ సభ్యులు, సాధారణంగా ఓటు వీళ్లదే. ముడిసరుకు అమ్మేవాళ్లు, డీలర్లు, కన్సల్టెంట్లు అసోసియేట్ సభ్యులు. వీళ్లని చాలాచోట్ల భోజనానికి పిలుస్తారు గానీ ఓటుకు పిలవరు. చందా టర్నోవర్‌ని బట్టి ఎక్కువ తక్కువ ఉన్నా, ఓటు మాత్రం మనిషికొకటే అన్నది మామూలు పద్ధతి. కొన్ని సంఘాలు పెద్ద కంపెనీలకు కౌన్సిల్‌లో సీట్లు ఎక్కువ ఇచ్చుకుంటాయి, అది ఆర్టికల్స్‌లో, అంటే సంఘం నియమావళిలో, రాసి ఉండాలి.

సర్వసభ్య సమావేశం ఏడాదికి ఒకరోజు. మిగిలిన రోజులన్నీ నడిపేది కౌన్సిల్. ప్రాంతానికి కొన్ని, చిన్న పరిశ్రమలకు కొన్ని చొప్పున సీట్లు పంచుకుంటారు. ప్రెసిడెంట్, వైస్ ప్రెసిడెంట్, ట్రెజరర్ అందులోంచి వస్తారు. ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. వంద మంది ఉన్న జాతీయ కౌన్సిల్ వేరు, కంపెనీ వ్యవహారాల శాఖ రికార్డుల్లో డైరెక్టర్లుగా ఉన్న పది పన్నెండు మంది వేరు కావచ్చు. చట్టం నిలదీసేది ఈ రెండో జాబితానే. ఆ శాఖ వెబ్‌సైట్‌లో 100 రూపాయలు కట్టి మీ సంఘం ఆర్టికల్స్, డైరెక్టర్ల పేర్లు, దాఖలైన బ్యాలెన్స్ షీట్లు చూసుకోవచ్చు. తొమ్మిదేళ్లుగా చందా కడుతున్నవాళ్లు ఆ వంద రూపాయలు ఎప్పుడో కట్టి ఉండాల్సింది, ఏమనుకోకండి.

ఇక డైరెక్టర్ జనరల్. అన్ని రంగాల పరిశ్రమలకూ కలిపి ఉన్న జాతీయ సంఘం సీఐఐనే తీసుకోండి. 1895లో మొదలై, 1992లో ఇప్పటి పేరు పెట్టుకున్న సంస్థ. జాతీయ మండలి, దాని కింద ప్రాంతీయ, రాష్ట్ర మండళ్లు ఉంటాయి. ప్రెసిడెంట్ ఏదో ఒక పరిశ్రమ నుంచి వచ్చి ఏడాదికి దిగిపోతారు. డైరెక్టర్ జనరల్ జీతం మీద పనిచేసే పూర్తికాలపు అధికారి, ఏళ్ల తరబడి ఉంటారు. మీ సంఘంలో కూడా ఫైళ్లు, చెక్కుబుక్కు, మెయిల్ పాస్‌వర్డు ఎవరి దగ్గరున్నాయో ఊహించడం కష్టం కాదు. కానీ కాగితం మీద ఆయన ఉద్యోగి. కౌన్సిల్ తీర్మానం లేకుండా చాప్టర్‌ని రద్దు చేసే అధికారం ఆయనకు ఉండదు, ఆర్టికల్స్ ప్రత్యేకంగా ఇస్తే తప్ప. మీకు వచ్చిన మెయిల్‌లో తీర్మానం తేదీ, నంబరు లేవు. నేనైతే మొట్టమొదట అదే అడుగుతాను.

ఇప్పుడు కొంచెం చేదు మాట. చాప్టర్‌కి చట్టంలో సొంత ప్రాణం లేదు. దానికి వేరే పాన్ లేదు, ఖాతా తెరిచింది సంఘం పాన్ మీద. మీ ఎగ్జిబిషన్‌లో స్టాళ్ల డబ్బు మీరు తిరిగి తిరిగి వసూలు చేసి ఉండొచ్చు, చట్టం లెక్కలో అది ఢిల్లీ కంపెనీ డబ్బే. ‘మా డబ్బు మాకివ్వండి’ అని అడిగితే నిలబడదు. ‘ఆ డబ్బు దేనికి ఖర్చు పెట్టారో సభ్యుడిగా నాకు చూపించండి’ అంటే నిలబడుతుంది. సెక్షన్ 8 కంపెనీ లాభం పంచుకోకూడదు, వచ్చిన ఆదాయమంతా సంఘం ఉద్దేశాలకే పోవాలి.

అయితే రద్దు చేయగలగడం వేరు, ఇష్టమొచ్చినట్టు చేయడం వేరు. సభ్యుడిని తీసేయాలన్నా, ఎన్నికైనవాళ్లను దించాలన్నా సంఘం తన నియమాలను అక్షరాలా పాటించాలి, మంచి ఉద్దేశంతో చేయాలి, అవతలివాళ్ల మాట వినాలి. బహిష్కరణ విషయంలో ఈ సూత్రాన్ని టి.పి. దావర్ కేసులో 1960ల్లోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అదే తీర్పులో ఇంకోటి కూడా ఉంది. సంఘం నిర్ణయం మంచిదా చెడ్డదా అని కోర్టు అప్పీలు విన్నట్టు వినదు, పద్ధతి పాటించారా లేదా అనే చూస్తుంది. అందుకే మీ వాదన ‘మా కమిటీ బాగా పనిచేసింది’ అని కాకుండా, ‘నోటీసు లేదు, కారణం లేదు, తీర్మానం చూపలేదు’ అని ఉండాలి.

లెక్కల గురించి. ఆడిట్ అయిన లెక్కలను సర్వసభ్య సమావేశానికి ముందే సభ్యులకు పంపాలి. మామూలు కంపెనీలకు 21 రోజుల గడువైతే, సెక్షన్ 8 కంపెనీలకు 2015లో దాన్ని 14కు తగ్గించారు. సమావేశం నోటీసుకూ అంతే. లెక్కలు, వార్షిక రిటర్నులు సరిగ్గా దాఖలు చేస్తున్న సంఘాలకే ఈ సడలింపు. సర్వసభ్య సమావేశాల మినిట్స్ పుస్తకం, అంటే చర్చలు, తీర్మానాలు రాసిపెట్టే పుస్తకం, రిజిస్టర్డ్ ఆఫీసులో పైసా కట్టకుండా చూసే హక్కు సెక్షన్ 119 ఇస్తుంది. కాపీ అడిగితే ఏడు పనిదినాల్లో ఇవ్వాలి. కౌన్సిల్ మినిట్స్‌కి ఈ హక్కు లేదు, అది గుర్తుంచుకోండి. ఫోన్‌లో అడగడం మానేసి, స్పీడ్ పోస్టులో రాయండి. ప్రెసిడెంట్‌కి కాదు, డైరెక్టర్ జనరల్‌కి కాదు, సంఘం పేరు మీద దాని రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామాకి.

మీ అసలు బలం మాత్రం సెక్షన్ 100లో ఉంది. షేర్లు లేని కంపెనీలో మొత్తం ఓట్లలో పదో వంతు ఉన్న సభ్యులు కలిసి ప్రత్యేక సర్వసభ్య సమావేశం పెట్టమని లిఖితపూర్వకంగా కోరవచ్చు. 640 ఓట్లనుకుంటే మీకు 64 సంతకాలు కావాలి. హైదరాబాద్‌లో 48 ఉన్నాయి. ఇంకో 16 కోసం కోయంబత్తూరు, రాజ్‌కోట్ లాంటి చిన్న యూనిట్ల ఊళ్లకు ఫోన్ చేయండి, వాళ్లకూ ఇలాంటి మెయిళ్లు వచ్చి ఉంటాయని నా అనుమానం. కోరిక అందిన 21 రోజుల్లో డైరెక్టర్లు సమావేశానికి పిలుపు ఇవ్వాలి, అందిన రోజు నుంచి 45 రోజుల్లోపు అది జరగాలి. వాళ్లు కదలకపోతే మూడు నెలల్లోపు మీరే పెట్టుకోవచ్చు, అందుకు అయిన న్యాయమైన ఖర్చు సంఘం తిరిగి ఇవ్వాలి. సంతకం పెట్టేవాళ్లెవరికీ చందా బాకీ ఉండకూడదు. బాకీ ఉన్నవాడికి ఓటు లేదని చాలా ఆర్టికల్స్‌లో ఉంటుంది, అవతలిపక్షం మొదట వెతికేది అదే.

ఓటు దగ్గర జరిగే పొరపాటు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట బాలానగర్ నుంచి నా క్లయింట్ ఒకాయన ఇలాంటి ఓటు కోసమే తెల్లవారుజామున ఫ్లైట్ ఎక్కి ఢిల్లీ వెళ్లారు. హాలు బయట టేబుల్ దగ్గర ‘బోర్డు తీర్మానం కాపీ ఇవ్వండి’ అన్నారు. ‘కంపెనీయే నాది, నాకు తీర్మానమేంటి’ అని ఈయన. సభ్యత్వం కంపెనీ పేరు మీద ఉంది, ఈయన పేరు మీద కాదు. సెక్షన్ 113 ప్రకారం ఫలానా వ్యక్తి మా తరఫున హాజరవుతాడని కంపెనీ బోర్డు తీర్మానం చేయాలి. చివరికి ఓటు లేకుండా, రెండు సమోసాలు తిని సాయంత్రం ఫ్లైట్‌లో తిరిగొచ్చారు. మీదీ ప్రైవేట్ లిమిటెడ్ కాబట్టి ఆ కాగితం ముందే తయారు చేసుకోండి. సంతకాల పత్రానికీ అదే జత చేయండి. బావమరిది గుర్గావ్‌లో ఉన్నాడు, వాడిని ప్రాక్సీగా పంపుదామంటే కూడా కుదరదు. షేర్లు లేని కంపెనీలో ఆర్టికల్స్ ఒప్పుకుంటేనే ప్రాక్సీ. సెక్షన్ 8 కంపెనీలో ఆ ప్రాక్సీ కూడా సభ్యుడై ఉండాలి.

కోర్టు సంగతి. హైకోర్టులో రిట్ వేద్దామని ఎవరైనా సలహా ఇస్తే డబ్బు వృథా, ఇది ప్రైవేటు సంఘం. అణచివేత, దుర్వినియోగం అని కంపెనీల గొడవలు వినే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీకి వెళ్లాలంటే మామూలుగా అయిదో వంతు సభ్యులు, అంటే 128 మంది కావాలి. ఆ సంఖ్యను సడలించే అధికారం ట్రిబ్యునల్‌కి ఉంది, కానీ రిజిస్టర్డ్ ఆఫీసు ఢిల్లీలో కాబట్టి అక్కడి బెంచ్‌కే వెళ్లాలి. చాప్టర్ రద్దు చెల్లదని సివిల్ దావా వేయాలంటే హైదరాబాద్‌కి కొంత ఆధారం ఉంది. సంస్థకు శాఖ ఉన్నచోట దావాకు కారణమైన విషయం తలెత్తితే అక్కడ దావా వేయొచ్చని సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 20 వివరణ చెబుతుంది. కానీ ‘వివాదాలన్నీ ఢిల్లీ కోర్టులకే’ అన్న క్లాజు ఆర్టికల్స్‌లో ఉందేమో చూడాలి. ఇది ట్రిబ్యునల్ విషయమని వాళ్లు మొదటి వాయిదాలోనే లేవనెత్తుతారు. 64 సంతకాలు ఈ దారి కంటే చవక, త్వరగా తేలుతుంది కూడా. మీ సంఘం తెలంగాణలో రిజిస్టర్ అయిన సొసైటీ అయ్యుంటే సెక్షన్ 23 కింద ఇక్కడి జిల్లా కోర్టులోనే దరఖాస్తు వేసుకునేవారు. ఆ అదృష్టం మీకు లేదు.

ఇక రేటు మెసేజ్. పోటీ చట్టం 2002లోని సెక్షన్ 3(3) ధరలు కుదుర్చుకోవడాన్ని కంపెనీల మధ్యే కాదు, సంఘాల పేరుతో చేసినా తప్పుపడుతుంది. 2012లో ఈ చట్టాన్ని అమలుచేసే పోటీ కమిషన్ సీసీఐ పెద్ద సిమెంటు కంపెనీల మీద 6,000 కోట్ల పైచిలుకు జరిమానా వేసినప్పుడు వాటి సంఘం మీదా వేసింది. అప్పీలులో ఆ ఉత్తర్వు కొట్టేస్తే, మళ్లీ విని 2016లో మళ్లీ వేసింది. 2018లో అప్పీలు ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌ఏటీ దాన్ని సమర్థించింది, వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. కార్టెల్, అంటే పోటీదారులు కుమ్మక్కయ్యారని, తేలితే అది నడిచిన ప్రతి ఏడాదికీ లాభానికి మూడు రెట్లు గానీ, టర్నోవర్‌లో 10 శాతం గానీ, ఏది ఎక్కువైతే అంతవరకు జరిమానా పడొచ్చు. సెక్షన్ 48 కింద కంపెనీని నడిపే వ్యక్తులూ బాధ్యులవుతారు. 22 మంది యూనిట్ అని చిన్నచూపు చూడరు.

అందుకని పాటించకండి. ఊరికే గ్రూపులోంచి బయటికి వచ్చేయడం కూడా చాలదు, మౌనాన్ని అంగీకారంగా చదివే వీలుంది. ‘మా ధరలు మేమే నిర్ణయించుకుంటాం, ఈ సూచనకు మేం ఒప్పుకోవడం లేదు’ అని తేదీతో సంఘానికి ఒక మెయిల్ పెట్టండి. ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ దాచుకోండి, డిలీట్ చేయకండి. ఈ కారణంతో సభ్యత్వం తీసేస్తే ఆ తీసివేత ఉత్తర్వే సంఘానికి వ్యతిరేకంగా మీ చేతిలో పెద్ద సాక్ష్యం అవుతుంది. ఇంతకుముందు కూడా ఇలాంటి రేట్లు పాటించి ఉంటే మాత్రం ఇక్కడ రాయకండి. సెక్షన్ 46 కింద సీసీఐకి ముందుగా నిజం చెప్పినవాళ్లకు జరిమానా తగ్గే దారి ఉంది, మొదట వెళ్లినవాళ్లకే ఎక్కువ మేలు. ఆ విషయమైతే కాగితాలు పట్టుకుని ఈ వారంలోనే ఒక లాయర్‌ని నేరుగా కలవండి.