గోడకి తగిలించేవి వద్దు, దొర్లేవి చేయించు

చిన్నీ,

నీ మెసేజ్ చదివాను. గుంటూరు ఎండకి పిల్లల్ని గడప దాటనివ్వలేక, ఇంట్లో ఉంచితే ఫోన్ చేతికివ్వక తప్పక ఎంత విసిగిపోతున్నావో తెలుస్తూనే ఉంది. నా ఉద్యోగమంతా ఒకటో తరగతి పిల్లలతోనే గడిచింది కాబట్టి ఇంట్లో వాళ్ళ చేత చేయించదగ్గ ఆటవస్తువులు నాకు తెలిసినవి రాస్తున్నాను. కుదిరినవి చేయించు, కుదరనివి వదిలెయ్.

ముందు ఒక సంగతి. నువ్వు పంపిన వీడియోలో ఉన్న మెరుపుల పూలగుత్తి, థర్మాకోల్ ఇల్లు లాంటివి వద్దు. అవి చేసేది తల్లులే. పిల్ల పక్కన కూచుని గమ్ మూత తీసిస్తుంది, అంతే. ఆ తర్వాత అది గోడకెక్కుతుంది, పిల్ల మళ్ళీ దాని వంక చూడదు. బడి ప్రాజెక్టులూ ఇంతేగా, రాత్రి పదకొండింటిదాకా అమ్మ అతికిస్తుంది, పొద్దున పిల్ల చేతిమీద స్టార్ వేస్తారు! ఐదేళ్ళ పిల్ల చేసిన వస్తువు ఏదో ఒక పని చెయ్యాలి. దొర్లాలి, మోగాలి, తేలాలి, రంగు మారాలి. అలాంటిదైతే వంకరగా వచ్చినా వాళ్ళకి పట్టదు, సరిగ్గా దొర్లకపోతే వాళ్ళే విప్పి మళ్ళీ చూస్తారు.

ఇప్పుడు ముంజకాయల కాలం కదా, దాంతోనే మొదలుపెట్టు. ముంజలు తీసేశాక మిగిలిన బుర్రలు ఒకే సైజువి రెండు, పగలకుండా ఉన్నవి, బండివాణ్ణి అడిగి తెచ్చుకో. వాటి మధ్య ఒక గట్టి పుల్ల గుచ్చితే చక్రాలైపోతాయి. చివర పంగ ఉన్న కర్ర ఒకటి ఆ పుల్లకి ఆనించి తోస్తే బండి. మీ నాన్న చిన్నప్పుడు ఊళ్ళో దీన్ని తోసుకుంటూనే కొట్టుకి వెళ్ళొచ్చేవాడు. పుల్ల గుచ్చడం నువ్వు చెయ్, పంగల కర్ర వెతకడం పిల్ల పని. రెండు మూడు రోజులకి బుర్రలు ఎండి చీమలు పడతాయి, అప్పుడు పారేసి మళ్ళీ కొత్తవి. సాయంత్రం చల్లబడ్డాక డాబా మీద తోసుకోమను.

కొబ్బరాకు బూర కూడా అంతే తేలిక. పచ్చి ఆకు ఒకటి తీసుకుని, ఈనె తీసేసి, సన్నగా మొదలుపెట్టి వెడల్పు అయ్యేలా ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తూ చుట్టడమే, చివర ఈనెపుల్ల ముక్కతో గుచ్చితే నిలబడుతుంది. సన్నటి కొస కాస్త నొక్కి ఊదాలి. మొదట్లో గాలి తప్ప ఏమీ రాదు, పట్టు దొరికాక మాత్రం ఇంటిల్లిపాదికీ తలనొప్పే, ఆ సంగతి ముందే చెప్తున్నాను. ఈనెపుల్లల కొసలు మాత్రం తుంచెయ్, కళ్ళ దగ్గర ప్రమాదం.

మీ పెద్దదానికి నాకు బాగా నచ్చే ఆట పసుపు కాగితం. పసుపు నీళ్ళలో కాస్త చిక్కగా కలిపి తెల్ల కాగితానికి పూసి ఆరబెట్టు. దూది చుట్టిన పుల్లని సబ్బు నీళ్ళలో ముంచి దాని మీద పేరు రాయమను, అక్షరాలు ఎర్రగా తేలతాయి. పైన నిమ్మరసం పూస్తే మళ్ళీ పసుపైపోతుంది. మన పారాణి సంగతి తెలుసుగా, పసుపులో సున్నం కలిస్తే ఎరుపెక్కుతుంది, ఇదీ అదే. సబ్బులోనూ సున్నంలోనూ క్షారం ఉంటుంది, దానికే పసుపు ఎరుపెక్కుతుంది. సున్నం మాత్రం పిల్లల చేతికివ్వకు, చర్మం కాలుతుంది, కంట్లో పడితే ఇంకా ప్రమాదం.

ఇంకొకటి తక్కెడ. రెండు కొబ్బరి చిప్పలు, ఒక స్కేలు బద్ద, పురికొస చాలు. చిప్పలకి కన్నాలు నువ్వే పెట్టాలి. రైతుబజార్ ఆట ఆడుకుంటారు, ఒకవైపు ఉల్లిపాయ, రెండోవైపు బంగాళాదుంప. ఏది బరువో ముందు చేత్తో చెప్పమను, తర్వాత తూచమను. మధ్యాహ్నమంతా గడిచిపోతుంది, నువ్వు ఓ కునుకు తీయొచ్చు.

కత్తి పడవ, అగ్గిపెట్టె టెలిఫోన్ నీకూ వచ్చు, విడిగా చెప్పక్కర్లేదు. టెలిఫోన్‌కి దారం బిగుతుగా లాగి పట్టుకోవాలని మాత్రం చెప్పు, వదులైతే మాట వెళ్ళదు.

జిగురు కొనకు. రెండు చెంచాల మైదా గ్లాసు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, సన్న సెగ మీద తిప్పుతూ ఉడికిస్తే చాలు, చిక్కబడి నిగనిగలాడగానే దించెయ్. పురుగు పట్టకుండా మైలుతుత్తం వెయ్యమని ఎవరైనా చెప్తే వినకు. పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్ళు వేసేవాళ్ళు, అది విషం. పిల్లలు వేళ్ళు నాకుతారు. ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజులు వాడుకో, మిగిలింది పారబొయ్.

చిన్నాడికి ఇంకా మూడేళ్ళు నిండలేదు కదా, వాడి విషయం వేరు. ఉప్పూ మైదా కలిపిన ముద్దతో బొమ్మలు చేయిస్తున్నారు అందరూ. వాడికివ్వకు, అంత ఉప్పు పొట్టలోకి పోవడం మంచిది కాదు. నువ్వు చపాతీలు వత్తేటప్పుడు ఓ ముద్ద గిల్లి ఇవ్వు, దాంట్లో అంత ఉప్పు ఉండదు. పూసలు, చింతపిక్కలు, కందిపప్పు వాడికి అందనివ్వకు, ముక్కులోకీ చెవిలోకీ దూరుస్తారు ఆ వయసులో, గొంతులో అడ్డం పడితే మరీ ప్రమాదం. వినాయకుడి కళ్ళకి పెట్టే గురివింద గింజలు ఇంట్లో ఉంటే తీసి దాచెయ్, నమిలితే ప్రాణం మీదికొస్తుంది. వాడికి బెండకాయ ముద్రలు చాలు. ముచ్చిక దగ్గర అడ్డంగా కోసి, బీట్‌రూట్ రసంలో అద్ది పాత పేపర్ మీద కొట్టడమే, పూలు పడతాయి. పెడనలో కలంకారీ బట్టల మీద అద్దకం అచ్చులతో ఇలాగే వేస్తారని పెద్దదానికి చెప్పు.

చేస్తున్నప్పుడు నీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచో. అది కష్టమే, నాకు తెలుసు. కత్తెర, సూది, పొయ్యి పని నీది, మిగతాదాంట్లో వాళ్ళు అడిగితేనే దూరు. విసుగొచ్చి మధ్యలో వదిలేస్తే వదిలెయ్యనీ, పూర్తి చెయ్యమని వెంటపడకు.

వచ్చే వారం ఎలాగూ బెజవాడ వస్తున్నావు కాబట్టి ఒక పూట కొండపల్లి వెళ్దాం. బొమ్మ ఒకే చెక్కలోంచి రాదని పెద్దదానికి చూపించాలి, తెల్ల పొణికి చెక్కలో చేతులూ కాళ్ళూ విడివిడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. చూశాక ఇంటికొచ్చి చపాతీ పిండితో అదే పద్ధతిలో చేయిద్దాం. పొద్దున్నే బయల్దేరాలి, ఎండెక్కితే నావల్ల కాదు. పిల్లలకి పాత బట్టలు రెండేసి జతలు ఎక్కువ తీసుకురా, బీట్‌రూట్ మరకలు అంత తేలిగ్గా వదలవు. బెండకాయలు తేకు, మా ఇంట్లో ఉన్నాయి.

పెద్దమ్మ