సగం పనికి సంతకం పెట్టమంటే – సమాధానం

తమ్ముడూ, రేణిగుంటలో విమానాల మరమ్మతు పనిలో ఉన్న నిన్ను, తెల్లవారుజామున షిఫ్టు మారేటప్పుడు సీనియర్ సగం విప్పిన ప్యానెల్‌ను (విమానం పైమూతను) నోటిమాటతో అప్పజెప్పి, పనంతా నువ్వే చేసినట్టు పని వివరాల కార్డు మీద సంతకం పెట్టమన్నారని రాశావు. పెట్టొద్దు. కంటితో చూడని పనికి నీ సంతకం ఉండకూడదు.

1991 సెప్టెంబర్ 11న కాంటినెంటల్ ఎక్స్‌ప్రెస్ 2574 విమానం టెక్సస్‌లో కూలి, అందులోని 14 మందీ చనిపోయారు. ముందు రాత్రి తోక మీది ఎడమ స్టెబిలైజర్ (తోక దగ్గరి చిన్న అడ్డ రెక్క) పైవరస స్క్రూలు 47 విప్పారు. ఆ సంగతి తర్వాతి షిఫ్టుకు చేరలేదు, స్క్రూలు తిరిగి బిగించలేదు. విప్పినాయన కొత్త కుర్రాడేమీ కాదు, ఇన్‌స్పెక్టర్! అనుభవం ఒక్కటే కాపాడదని నేను గట్టిగా చెప్పేది అందుకే.

సీనియర్‌తో గొడవ అక్కర్లేదు. "సార్, ఏ స్టెప్పు దాకా అయిందో కార్డులో రాసి మీరు సంతకం చేయండి, ఇద్దరం ఒకసారి చూసొద్దాం" అను. స్క్రూలు లెక్కపెట్టి, ప్యానెల్ నంబరు రాసిన సంచిలో వేసి, అక్కడే ట్యాగ్ కట్టు.

షిఫ్టు మారేటప్పుడు సమాచారం పూర్తిగా అందించాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ మరమ్మతు సంస్థలకు పెట్టిన నిబంధనలు, కార్ 145లోనే ఉంది. అయినా ఒత్తిడి చేస్తే ఆ రోజే సర్టిఫయింగ్ ఇంజనీరుకు (పని సరిగా అయిందని ధ్రువీకరించే ఇంజనీరుకు) చెప్పి, సేఫ్టీ రిపోర్టు రాయి.