థైమస్ హార్మోన్లను కొలవబోయే అమ్మాయికి

చి. అమ్మాయికి ఆశీస్సులు.

నీ పరిశోధన ప్రతిపాదన అందింది, శ్రద్ధగా చదివాను. ఛాతీలో ఉండి, టి కణాలనే రోగనిరోధక కణాలను తీర్చిదిద్దే గ్రంథి థైమస్. అరవై దాటినవారి రక్తంలో ‘థైమస్ హార్మోన్ స్థాయి’ని ఎలైజా కిట్‌తో, అంటే యాంటీబాడీలతో పదార్థాన్ని పట్టి కొలిచే పరీక్షతో, కొలుస్తానని రాశావు. ఆ పేరుతో ఒకే పదార్థం ఏదీ లేదు కనుక, కిట్ కొనకముందే దేనిని కొలుస్తావో తేల్చుకోవాలి. థైమోసిన్ ఆల్ఫా-1, థైమోసిన్ బీటా-4, థైమోపోయిటిన్, థైమ్యులిన్ అన్నీ థైమస్ పేరుతోనే వెలుగులోకి వచ్చాయి గాని, అన్నీ ఆ గ్రంథి పనితీరును చెప్పేవి కావు. థైమోపోయిటిన్ జన్యువు నుంచి తయారయ్యే ప్రోటీన్లు అనేక రకాల కణాల కేంద్రకాలలో ఉంటాయని తరువాత తెలిసింది. బీటా-4 కణాలలో వాటికి ఆకారం, కదలిక ఇచ్చే యాక్టిన్ ప్రోటీన్‌ను పట్టి ఉంచే సాధారణ పెప్టైడ్, అంటే అమినో ఆమ్లాల చిన్న గొలుసు. ప్లేట్‌లెట్లలో అది ఎంత నిండుగా ఉంటుందంటే, రక్తం గడ్డకట్టేటప్పుడు బయటికి వచ్చి సీరం (గడ్డకట్టాక మిగిలే ద్రవం) విలువను ప్లాస్మా (గడ్డకట్టనివ్వని రక్తపు ద్రవం) విలువ కంటే బాగా పెంచేస్తుంది. ఆల్ఫా-1 కూడా ప్రోథైమోసిన్ అనే పెద్ద ప్రోటీన్ నుంచి వచ్చే 28 అమినో ఆమ్లాల ముక్క, ఆ ప్రోటీన్ దాదాపు అన్ని కణజాలాలలోనూ ఉంది.

నీ ప్రశ్న గ్రంథి వయసు గురించి కనుక నా ఓటు థైమ్యులిన్‌కే. 1970లలో పారిస్‌లో జాన్ ఫ్రాంస్వా బాక్, మిరెయ్ దార్దెన్ల బృందం వెలికితీసిన ఈ తొమ్మిది అమినో ఆమ్లాల పెప్టైడ్ థైమస్ ఎపిథీలియల్ కణాలలో తయారవుతుంది, గ్రంథిని తొలగిస్తే రక్తంలో దాని చర్య కనుమరుగవుతుంది, చిన్నతనంలో ఎక్కువగా ఉండి వయసుతో తగ్గిపోతుంది. అయితే దీనికి జింక్ కావాలి. ఒక్కో అణువుకు ఒక్కో జింక్ అయాన్ అతికి ఉంటేనే అది పనిచేస్తుంది, లేకుంటే రక్తంలో ఉన్నా లేనట్టే.

నీ ప్రతిపాదనలో నాకు ఎక్కువ భయం కలిగించినది ఇక్కడే ఉంది. రక్తాన్ని ఊదా మూత ఉన్న ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ఆపే రసాయనం) గొట్టాల్లో తీస్తానన్నావు. ఈడీటీఏ చేసే పనే లోహ అయాన్లను లాక్కోవడం; జింక్ ఉన్న రూపాన్నే గుర్తించే పరీక్షకు ఆ నమూనా పనికిరాదు. ట్రేస్ మూలకాల, అంటే జింక్ వంటి అతి కొద్దిగా ఉండే మూలకాల పరీక్షకు ప్రత్యేకించిన ముదురు నీలం మూత గొట్టం వాడు. వాటిలోనూ ఈడీటీఏ ఉన్నవీ లేనివీ దొరుకుతాయి, లేనివే అడిగి తెప్పించుకో. మామూలు రబ్బరు మూతల నుంచి కూడా జింక్ నమూనాలోకి దిగుతుంది. ఎర్రకణాల్లో జింక్ సీరంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి, సీరం ఎర్రబారితే మొహమాటం లేకుండా పక్కన పెట్టు. భోజనం తరువాత రక్తంలో జింక్ తగ్గుతుంది, పగటి వేళల్లోనూ మారుతుంది. అందువల్ల అందరి దగ్గరా పరగడుపున, ఉదయం ఒకే వేళకు రక్తం తీయించు.

వృద్ధుల్లో థైమ్యులిన్ తక్కువగా కనిపిస్తే గ్రంథి కుంచించుకుపోయిందనుకోవడం సులభం, కాని జింక్ తక్కువైనా అలాగే కనిపిస్తుంది. జింక్ లోపం ఉన్నవారి సీరంలో తగ్గిన థైమ్యులిన్ చర్య, ఆ సీరానికి బయట జింక్ కలిపినా, వారికి జింక్ ఇచ్చినా మళ్ళీ పెరుగుతుందని అమెరికాలో ఆనంద ప్రసాద్ బృందం 1988లో చూపింది. కనుక ప్రతి నమూనానూ రెండు భాగాలు చేసి, ఒకదాన్ని ఉన్నదున్నట్టుగా, రెండోదాన్ని జింక్ సల్ఫేట్ కలిపి కొలువు. ఆ రెండు విలువల మధ్య తేడా నీ పరిశోధనలో అన్నిటికంటే విలువైన అంకె అవుతుందని నా నమ్మకం. అదే సీరంలో జింక్‌ను కూడా విడిగా కొలిపించు.

పాత పద్ధతి ఎలుకలతో నడిచేది. థైమస్ తీసేసిన ఎలుకల ప్లీహ కణాలు గొర్రె ఎర్రకణాలను చుట్టూ అతికించుకుని పువ్వుల్లాంటి గుత్తులు, అంటే రోజెట్లు కడతాయి. రోగనిరోధక శక్తిని అణచే మందు అజథయోప్రిన్‌కు లొంగని ఆ కణాలు థైమ్యులిన్ తగిలితే మళ్ళీ లొంగుతాయి. ఏ పలుచన వరకు ఆ ప్రభావం నిలిచిందో చూసి విలువ కట్టేవారు. అంతకంటే ముందు సీరాన్ని సన్నని పొరగుండా వడపోసి, అడ్డుపడే పెద్ద అణువులను తొలగించేవారు. నీకు జంతు ప్రయోగాల అనుమతి, ఓపిక ఉంటే కొన్ని నమూనాలకైనా దీనిని చేయించడం మంచిది, ఎందుకంటే ఇది అణువు ఉనికిని కాక దాని పనిని కొలుస్తుంది.

కిట్‌నే వాడితే, డబ్బా మీద ‘మానవ థైమ్యులిన్’ అని ముద్రించినంత మాత్రాన నమ్మకు. అందులోని యాంటీబాడీ జింక్ ఉన్న రూపాన్నే పడుతుందా, రెండింటినీ పడుతుందా అని కంపెనీని రాతపూర్వకంగా అడుగు. సమాధానం రాకపోతే అదే సమాధానం అనుకో. యాంటీబాడీలు పోలిక చూసి మోసపోతాయి. 1980లలో ఎయిడ్స్ రోగుల సీరంలో ఆల్ఫా-1 ఎక్కువగా ఉన్నట్టు పరీక్షలు చూపగా, ఆ వైరస్‌లోని పి17 ప్రోటీన్‌కూ ఆల్ఫా-1కూ అమినో ఆమ్లాల వరుసలో పోలిక ఉందని 1986లో బయటపడింది. అందుచేత ఒక సీరాన్ని వరుసగా పలుచన చేసి, వచ్చే గీత ప్రమాణ ద్రావణపు (గాఢత ముందే తెలిసిన ద్రావణపు) గీతతో సమాంతరంగా నడుస్తుందో లేదో చూడు. తెలిసిన మోతాదులో శుద్ధ పెప్టైడ్ కలిపి ఎంత తిరిగి దొరుకుతుందో కొలువు. కండరాలు బలహీనపడే మయస్థీనియా జబ్బు చికిత్సలో థైమస్ పూర్తిగా తీయించుకున్నవారి సీరం, వారి అంగీకారంతో నైతిక సంఘం అనుమతితో దొరికితే, దానిని శూన్య నమూనాగా పెట్టు. అందులోనూ పెద్ద అంకె వస్తే కిట్ ఇంకేదో కొలుస్తోందన్నమాట.

థైమస్ కొత్త టి కణాలను ఎంతగా పంపుతోందన్నది కూడా తెలియాలంటే హార్మోన్ ఒక్కటే చాలదు. టి కణ గ్రాహక జన్యువు కూర్పు మారేటప్పుడు విడిపడే డీఎన్ఏ వలయాలను, అంటే ట్రెక్‌లను, డేనియల్ డూయెక్ బృందం 1998లో కొలతగా నిలబెట్టింది. కణం విభజన చెందినా ఆ వలయం రెట్టింపు కాదు కనుక, సంఖ్యను చదివేటప్పుడు కణ విభజన వేగాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. దీనికి మాత్రం ఈడీటీఏ గొట్టమే సరైనది, కాబట్టి ఒకే సూదితో ముందు నీలం మూత గొట్టాన్ని, తరువాత ఊదా మూత గొట్టాన్ని నింపమని రక్తం తీసేవారికి కాగితం మీద రాసి ఇవ్వు.

పలుచన గీతలు చేతికి రాగానే, అసలు నమూనాలను ఫ్రీజర్ నుంచి బయటికి తీయకముందే, నాకు పంపు.

ఇట్లు
నీ పెదనాన్న