బ్రేకు పట్టలేదంటే చాలదు, పెడల్ ఎలా ఉందో చెప్పు

రావులపాలెం

చి. శ్రీనుకి పెదనాన్న ఆశీస్సులు.

నీ కారు బ్రేకు ఫెయిలయిందన్నావు. షెడ్డులో చూసి ఏమీ లేదు పొమ్మన్నారన్నావు. రెండూ నిజమే అయ్యుండొచ్చు. బండి షెడ్డుకి చేరేలోపే తనంతట తనే సర్దుకుపోయే లోపాలు బ్రేకుల్లో మూడు నాలుగున్నాయి. అందుకే "బ్రేకు పట్టలేదు" అని చెప్పి ఊరుకోకు. ఆ క్షణాన కాలి కింద పెడల్ ఎలా ఉందో గుర్తు తెచ్చుకుని చెప్పు. దూది మీద కాలేసినట్టు దిగిపోయిందా? గోడని తన్నినట్టు బిగుసుకుందా? గడగడలాడిందా? మామూలుగానే ఉండి బండి మాత్రం ఆగలేదా? నాలుగూ నాలుగు జబ్బులు. ఒకదాని మందు ఇంకోదానికి పనికిరాదు.

గోడలా బిగుసుకుంటే ముందు బూస్టర్ని అనుమానించు. ఇంజన్ పీల్చే గాలి బలంతో మన కాలికి సాయం చేసే గుండ్రటి డబ్బా అది, మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్ని గొట్టాల్లోకి నెట్టేది) వెనకే ఉంటుంది. దాన్ని ఇంట్లోనే పరీక్ష చేసుకోవచ్చు. ఇంజన్ ఆపి పెడల్ ఐదారు సార్లు తొక్కు, గట్టిపడుతుంది. కాలు అలాగే అదిమిపెట్టి స్టార్ట్ చెయ్యి. బూస్టర్ మంచిదైతే పెడల్ కొద్దిగా కిందికి జారుతుంది. జారలేదంటే ఇంజన్ నుంచి వచ్చే రబ్బరు గొట్టం చిట్లిందో, అందులోని వన్‌వే వాల్వు పోయిందో, డబ్బాలోపలి పొర చిరిగిందో. పొర చిరిగితే తొక్కినప్పుడు డ్యాష్‌బోర్డు కింద బుస్సుమని చప్పుడొస్తుంది, ఇంజన్ ఆడే తీరు కూడా మారుతుంది. డీజిల్ బండికైతే విడిగా వ్యాక్యూమ్ పంపు ఉంటుంది, అదీ చూడాలి. బూస్టర్ పోయినా బ్రేకు ఉంటుంది, కాకపోతే రెండు మూడింతల బలంతో తొక్కాలి. ఇది తెలియక చాలామంది భయపడి కాలు తీసేస్తారు.

గడగడలాడితే అది ఏబీఎస్, అంటే చక్రం బిగుసుకుపోయి జారకుండా బ్రేకుని పట్టి వదిలే ఏర్పాటు, పని చేస్తున్న చప్పుడు. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి. కోతలప్పుడు రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం మీదో, చేపల లారీ కార్చుకుంటూ పోయిన నీళ్ళ మీదో గట్టిగా తొక్కితే టైరు జారుతుంది, ఏబీఎస్ కలగజేసుకుంటుంది, పెడల్ కాలిని తన్నుతుంది. కాలు తియ్యకు, అలాగే తొక్కి పట్టు. ధాన్యం మీద ఏ బ్రేకూ దగ్గర్లో ఆగదు. ముందే నెమ్మదించుకోవడమే.

ఇక మెత్తబడే పెడల్. నీ బండికి ఇదేనని నా గట్టి అనుమానం, అందుకని దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

ఇంజన్ ఆడుతుండగా పెడల్ మీద ఒకే బరువు వేసి అరనిమిషం పట్టి చూడు. మెల్లగా నేలకి దిగిపోతూ ఉండి, బ్రేక్ ఆయిల్ ట్యాంకులో ఆయిల్ మాత్రం తగ్గకపోతే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బర్లు అరిగాయని అర్థం. ఆయిల్ కూడా తగ్గుతుంటే ఎక్కడో కారుతోంది. నాలుగు చక్రాల లోపలి వైపూ, ముఖ్యంగా వెనక డ్రమ్ముల అడుగున తడి ఉందేమో చూడు. ఒకసారి తొక్కితే లోతుకి వెళ్ళి, రెండోసారికి పైకొస్తుంటే గొట్టాల్లో గాలి ఉంది, లేదా వెనక షూలకీ (డ్రమ్ము లోపల ఒత్తుకుని చక్రాన్ని ఆపే ముక్కలు) డ్రమ్ముకీ మధ్య సందు పెరిగింది. ఇవేవీ కాకుండా, వేడెక్కినప్పుడు మాత్రమే మెత్తబడి గంట ఆగాక ఏమీ ఎరగనట్టు మామూలైపోతే, అది ఆయిల్ ఉడకడం. షెడ్డులో దొరకనిది ఇదే.

బ్రేక్ ఆయిల్ గాలిలో చెమ్మని పీల్చుకుంటుంది. వానాకాలం మన వంటింట్లో ఉప్పు జాడీ చూశావుగా, అదే తంతు. డాట్ అనేది బ్రేక్ ఆయిల్ రకానికి గుర్తు. కొత్త డాట్ 3 ఆయిల్ 205 డిగ్రీల దాకా మరగదు. నూటికి 3.7 వంతుల నీరు చేరితే 140 దగ్గరే మరగొచ్చు. డాట్ 4 అయితే కొత్తది 230, తడిసింది 155. మరిగిన చోట ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిల్ నలగదు గానీ ఆవిరి నలుగుతుంది, కాబట్టి నువ్వు తొక్కిన తొక్కుడంతా బుడగల్ని నొక్కడానికే పోతుంది. చల్లారితే బుడగ మళ్ళీ నీరు. మెకానిక్ తొక్కి చూసేసరికి పెడల్ రాయిలా ఉంటుంది మరి. మన కోనసీమలో గట్టిగా వెతికినా ఒక దిగుడు కనపడదు, వంతెన దిగడమే మనకి ఘాట్. ఆయిల్ చెడినా ఏళ్ళ తరబడి బయటపడదు. అదే బండి వేసుకుని మారేడుమిల్లి దాటి చింతూరు వైపు ఘాట్ దిగితే గానీ దాని సంగతి తెలియదు.

కాబట్టి కిలోమీటర్లు తిరిగినా తిరక్కపోయినా రెండేళ్ళకోసారి ఆయిల్ మార్చు. ట్యాంకు మూత మీద ఏ డాట్ రాసి ఉంటే అదే. డాట్ 3 బండిలో డాట్ 4 పోసినా ఇబ్బంది లేదు, డాట్ 5 మాత్రం సిలికాన్ జాతి, మన ఏబీఎస్ బండ్లలో పొయ్యకూడదు. కొత్త సీలు డబ్బా నీ కళ్ళ ముందే తెరవమను. పోయినేడాది వాడి అరలో పెట్టిన సగం డబ్బా ఇప్పటికే చెమ్మ తాగి ఉంటుంది. ఇంజన్ ఆయిలో స్టీరింగ్ ఆయిలో ఒక్క గరిటెడు అందులో పడినా లోపలి రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి, అప్పుడు మాస్టర్ సిలిండర్ నుంచి చక్రాల దాకా అన్నీ మార్చాల్సిందే. గరాటు కూడా కడిగి ఆరబెట్టిందే వాడాలి.

మార్చే పని ఇంట్లో చేసుకుంటానంటే ఇలా చెయ్యి. ముందురోజు సాయంత్రం నాలుగు చక్రాల బ్లీడింగ్ నిపిళ్ళ (ఆయిలూ గాలీ బయటికి తీసే చిన్న మరలు) మీద తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచు. మన ఉప్పుగాలికి అవి పట్టేసి ఉంటాయి, బలవంతంగా తిప్పితే విరుగుతాయి. 8 లేదా 10 నంబరు రింగు స్పానర్, కనపడేలా తెల్ల గొట్టం, సీసా, లీటరు ఆయిల్ కావాలి. ట్యాంకులో పాత ఆయిల్‌ని సిరంజితో పైపైన లాగేసి కొత్తది నింపు. కోడల్ని డ్రైవర్ సీట్లో కూర్చోపెట్టు. పెడల్ కింద అరచేతి మందం చెక్కముక్క ఒకటి వెయ్యి. పాత మాస్టర్ సిలిండర్లో రోజూ నడిచే మేరకే గోడ నున్నగా ఉంటుంది, అడుగున తుప్పు గరుకు. పెడల్ నేలదాకా పోతే లోపలి రబ్బరు ఆ గరుకుకి చీరుకుంటుంది. ఆయిల్ మార్చిన వారానికే మాస్టర్ సిలిండర్ పోయిందని గోలపెట్టేవాళ్ళలో సగం మంది కథ ఇదే అంటాను.

మాన్యువల్లో వేరే వరస రాసి లేకపోతే, మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టు: ఎడమ వెనక, కుడి వెనక, ఎడమ ముందు, కుడి ముందు. గొట్టం ఒక కొస నిపిల్‌కి తొడిగి, రెండో కొస సీసాలో ఆయిల్లో మునిగేలా ఉంచు. "తొక్కు" అను. తను తొక్కి పట్టి "తొక్కా" అనాలి. నిపిల్ పావుతిప్పు వదులు చెయ్యి, కషాయం రంగు ఆయిల్ బుడగలతో వస్తుంది. ఆగగానే బిగించు. బిగించాకే "వదులు" అను. ఈ మాటల వరస తప్పితే బయటికి తీసిన గాలి మళ్ళీ లోపలికే పోతుంది. లేత పసుపు ఆయిల్ బుడగ లేకుండా వచ్చేదాకా చెయ్యి. నాలుగైదు తొక్కులకోసారి ట్యాంకు చూసుకో. అడుగు గీత దాటి ఖాళీ అయితే గాలి ఏబీఎస్ డబ్బాలోకి దూరుతుంది, ఇక కంప్యూటర్ తగిలిస్తే గానీ రాదు. చివర్న ప్రతి నిపిల్‌కీ రబ్బరు టోపీ పెట్టు. రంగు మీద పడిన ఆయిల్ వెంటనే నీళ్ళతో కడిగెయ్, లేకపోతే పెయింటు లేచిపోతుంది.

వెనక డ్రమ్ములకి మన నీళ్ళే శత్రువు. వరదలప్పుడు లంకల్లో కాజ్‌వే మీద నీళ్ళు చక్రం మధ్యదాకా వచ్చాయనుకో, అటు దాటగానే మొదటి పది నిమిషాలు బ్రేకులు పట్టవు. నెమ్మదిగా పోతూ పెడల్ మీద కాలు తేలిగ్గా ఆనించి కొంతదూరం నడిపితే ఆ వేడికి ఆరతాయి. నీళ్ళు ఆరినా ఒండ్రు ఆరదు, డ్రమ్ములో అలాగే పేరుకుంటుంది. ఆ వారంలోనే డ్రమ్ములు విప్పించి కడిగించు. విప్పినప్పుడు వీల్ సిలిండర్ (డ్రమ్ములో షూలని బయటికి నెట్టేది) రబ్బరు టోపీ అంచు వేలితో ఎత్తి చూడమను. లోపల తడి ఉంటే సిలిండర్ మార్చాలి, ఆయిల్ తాగిన షూలు గరుకు కాగితంతో రుద్దితే బాగుపడవు, రెండు వైపులా జతగా మార్చాలి. ఒక్కవైపే మారిస్తే బండి పక్కకి లాగుతుంది.

తడిసిన రోజు రాత్రి హ్యాండ్‌బ్రేక్ వేసి వదలకు, తెల్లారేసరికి షూ డ్రమ్ముకి తుప్పుతో అంటుకుంటుంది. ఫస్ట్ గేరులో పెట్టి చక్రానికి ఇటుక అడ్డం పెట్టు. అలాగని హ్యాండ్‌బ్రేక్‌ని పట్టించుకోకుండా ఉంటే కుదరదు. నరసాపురం రేవులో గోదారి దాటించే పంటు ఎక్కి సఖినేటిపల్లి దిగేటప్పుడు తడి చెక్కల మీద అదే నీకు దిక్కు. మీట ఎన్ని టిక్కులు లేస్తే పట్టాలో మాన్యువల్లో ఉంటుంది, అంతకు మించి లేస్తుంటే ముందు వెనక షూల సందు సరిచేయించు, ఆ తర్వాతే కేబులు లాగించు. తిరగేసి చేస్తే షూ రాసుకుంటూ తిరిగి డ్రమ్ము కాలుతుంది.

భీమవరం, ఆకివీడు వైపు ఎక్కువ తిరుగుతావు కాబట్టి బండి కింద ఇనుప గొట్టాలు కూడా చూడు. చెరువుల ఉప్పునీళ్ళు క్లిప్పుల సందుల్లో నిలిచి అక్కడే తుప్పు తింటాయి. గోధుమరంగు పొక్కు కనపడితే గీకి చూడు, గుంత తేలితే గొట్టం మార్చాల్సిందే. నెలకోసారి మంచినీళ్ళతో కిందంతా కొట్టించు. కాలిపర్ (డిస్కుని రెండు వైపులా ప్యాడ్లతో పట్టే భాగం) పిన్నులు కూడా ఇలాగే బిగుసుకుంటాయి, అప్పుడు ఒక ప్యాడ్ అరిగి రెండోది కొత్తగానే ఉంటుంది. వాటికి బ్రేకులకని అమ్మే సిలికాన్ గ్రీజే పూయించు, మామూలు గ్రీజు రబ్బరుని తినేస్తుంది.

ప్యాడ్ మందం 3 మిల్లీమీటర్లకి వస్తే మార్చెయ్యి. కీచుమంటుంటే రోజులు దగ్గరపడ్డాయని, గరగరమంటుంటే ఇనుము ఇనుముతో రాసుకుంటోందని. డిస్కు ఎంత పలచబడొచ్చో అంచు మీదే అచ్చు వేసి ఉంటుంది, లేత్ మీద పెట్టించే ముందు కొలిపించు. ప్యాడ్లు మార్చిన రోజు షెడ్డులోంచి బండి కదిపే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కు. పిస్టన్లు వెనక్కి నెట్టి ఉంటారు, మొదటి తొక్కుకి బ్రేకు శూన్యం. షెడ్డు గోడకి గుద్దిన బండ్లన్నీ అలా గుద్దినవే. తర్వాత ఖాళీ రోడ్డు మీద 50 నుంచి 10 దాకా నెమ్మదిగా తగ్గిస్తూ, మధ్యలో చల్లారనిస్తూ ఎనిమిది పది సార్లు చెయ్యి, ప్యాడ్ డిస్కుకి కుదురుకుంటుంది.

డ్రైవర్ కాళ్ళ దగ్గర మ్యాట్ మీద మ్యాట్ వెయ్యకు. పిల్లల నీళ్ళ సీసా సీటు కింద నుంచి దొర్లి పెడల్ వెనక ఇరుక్కున్నా అది బ్రేకు ఫెయిలే. ఆగాక సీసా మళ్ళీ దొర్లిపోతుంది, ఎవరికీ దొరకదు.

ఘాట్ దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగు. బ్రేకు గట్టిగా వేసి వదులు, కాలు ఆనించి ఉంచకు. పెడల్ గట్టిగానే ఉండి మాడు వాసనతో బండి ఆగకపోతే ప్యాడ్లు వేడెక్కాయి, పెడల్ దిగిపోతుంటే ఆయిల్ ఉడికింది. రెండింటికీ మందు ఒకటే: ఆపి అరగంట కూర్చో. డిస్కు మీద నీళ్ళు పోస్తే వంకరపోతుంది, పొయ్యకు.

నిజంగానే పోతే తాళం తిప్పకు, స్టీరింగ్ లాకవుతుంది. పెడల్ గబగబా తొక్కుతూ ఒక్కో గేరే తగ్గించు. ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం ఒక లైను, మిగతా రెండూ ఇంకో లైనుగా ఉంటాయి చాలా కార్లకి, ఒకటి పోయినా ఇంకోటి పెడల్ అడుగున అందుతుంది. హ్యాండ్‌బ్రేక్ బొత్తాం నొక్కిపట్టి కొద్దికొద్దిగా లాగు, ఒక్కసారి గుంజితే వెనక చక్రాలు జారతాయి. కాలువ గట్టు మీద ఉంటే చేల వైపే దింపు. బురద బండిని పట్టుకుంటుంది, కాలువ పట్టుకోదు.

ఇంకొకటి. కంపెనీ తప్పు కూడా ఉంటుంది ఒక్కోసారి. వెనక బ్రేకు పిన్ను విరగొచ్చని మారుతి 2022లో 9,925 వ్యాగన్‌ఆర్, సెలెరియో, ఇగ్నిస్ బండ్లని వెనక్కి పిలిచింది. అవి 2022 ఆగస్టు 3కీ సెప్టెంబరు 1కీ మధ్య తయారైనవి. మీ బావ సెలెరియో ఆ రోజుల్లోదే కదా, చాసిస్ నంబరు కంపెనీ వెబ్‌సైట్లో కొట్టి చూడమను. నీ బండి నంబరూ కొట్టు. సర్వీసు సెంటర్లో ఏమీ లేదు అంటే ఆ మాటే జాబ్ కార్డు మీద తేదీతో రాయించుకో. వినియోగదారుల ఫిర్యాదుల నంబరు 1915కి చెప్పాలన్నా, రవాణా శాఖ వాళ్ళ పరివాహన్ సైట్లో పెట్టాలన్నా కాగితం ఉండాలి.

ఆయిల్ మార్చాక వెంటనే మారేడుమిల్లి ప్రయాణం పెట్టుకోకు. ముందు రెండ్రోజులు ఇక్కడిక్కడే తిరుగు, రోజూ పొద్దున్నే ట్యాంకులో గీత చూడు. తర్వాత ఫోను చెయ్యి. బ్రేకు బానే ఉందని మాత్రం అనకు. పెడల్ ఎన్ని వేళ్ళ లోతుకి దిగి పట్టిందో చెప్పు.

మీ పెదనాన్న