టోక్యో కాని జపాన్: కితాక్యూషూలో రెండేళ్లు

టోక్యో, ఒసాకా కాకుండా జపాన్‌లో ఒక మామూలు పారిశ్రామిక నగరం ఎలా ఉంటుందో అక్కడ నివసించినవారు చెప్పగలరా అని అడిగారు. నేను చదువు నిమిత్తం కితాక్యూషూలోని తొబాతలో రెండేళ్లు ఉన్నాను కనుక, ఆ ఊరి గురించి చెబుతాను.

క్యూషూ దీవి ఉత్తరపు కొసన ఉన్న మోజి, కొకురా, తొబాత, యవాత, వాకామాత్సు అనే ఐదు పట్టణాలను 1963లో కలిపి చేసిన నగరమిది. నేటికీ అక్కడివారిని ఏ ఊరని అడిగితే ఎక్కువమంది పాత పట్టణం పేరే చెబుతారు. వెనుక చికుహో బొగ్గు గనులు, ముందు దోకాయ్ అఖాతం ఉండడం వల్ల ప్రభుత్వం యవాతను ఎంచుకొని ఉక్కు కర్మాగారం కట్టింది. అది 1901లో పని ప్రారంభించింది. హిగషిదాలో "1901" అనే పెద్ద పలకతో నిలిచి ఉన్న బ్లాస్ట్ ఫర్నేస్‌ను చూసి, అదే ఆనాటి కొలిమి అనుకొని ఫోటోలు తీసుకున్నాను. తీరా అది అదే చోట 1962లో తిరిగి కట్టినదని తరువాత తెలిసింది.

విశాఖ వన్‌టౌన్‌లో పెరిగిన నాకు, మేడ మీద ఆరేసిన బట్టలను దులిపితే రాలే నల్లని ధూళి కొత్త కాదు. అందుకే తొబాత మహిళల కథ నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆకట్టుకుంది. ఒకప్పుడు ఆ ఊళ్లో చిమ్నీల పొగను "ఏడు రంగుల పొగ" అని గర్వంగా చెప్పుకునేవారు. 1966లో పరీక్షించినప్పుడు దోకాయ్ అఖాతపు లోపలి నీటిలో కరిగిన ఆక్సిజన్ సున్నా అని తేలింది. దానికి "మృత్యు సముద్రం" అన్న పేరు వచ్చింది. తమ భర్తలు ఆ కర్మాగారాలలోనే పనిచేస్తున్నా, మహిళా సంఘాలవారు బట్టలు ఆరేసి అవి ఎంత మాసాయో చూసి, పడే మసిని కొలిచి, 1965లో "మాకు నీలాకాశం కావాలి" అనే పేరుతో ఒక చిన్న చిత్రం కూడా తీశారు. ఊరికే నినాదాలు చేయకుండా లెక్కలు చేతబట్టుకొని వెళ్లడమే వారి బలమని నా అభిప్రాయం. 1970లలో అఖాతపు అడుగున పేరుకున్న విషపు బురదను తవ్వి తీశారు. ఇప్పుడు అక్కడ చేపలున్నాయి, గట్టున గాలాలు వేసుకొని కూర్చునే తాతలూ ఉన్నారు.

అయితే ఆకాశం తేటపడడానికి శుద్ధి యంత్రాలు, చట్టాలతో పాటు ఉక్కు పరిశ్రమ కుంచించుకుపోవడం కూడా కొంత కారణమని ఒప్పుకోవాలి. ఒకనాడు పది లక్షలు దాటిన జనాభా తగ్గుతూ వస్తోంది, వృద్ధుల వాటా చాలా ఎక్కువ. మా ఇంటి దగ్గరి బజారు వీధిలో సగం దుకాణాల షట్టర్లు పగటిపూట కూడా దించే ఉండేవి. తెరిచి ఉన్నవాటిలో ఒకటి సారాయి కొట్టు. రాత్రి షిఫ్టు దిగిన కార్మికులు కౌంటరు దగ్గర నిలబడే ఒక గ్లాసు తాగి ఇంటికి వెళ్లే పాత అలవాటుకు అక్కడ "కకుఉచి" అని పేరు. ఇప్పుడు నిలబడి తాగేవారిలో చాలామంది ఏనాడో పదవీ విరమణ చేసినవారే.

మీరు వెళితే కొకురా కోట ఒక్కటే చూసి తిరిగి రావద్దు. తొబాత నుంచి వాకామాత్సుకు చిన్న పడవ ఎక్కండి. ప్రయాణం మూడు నిమిషాలే. 1962లో కట్టిన ఎర్రని వాకాతో వంతెన నెత్తిమీద సాగిపోతుంటే, సైకిళ్లు పట్టుకొని నిలబడిన బడిపిల్లల మధ్య నుంచి రెండు గట్లనూ ఒకేసారి చూడవచ్చు.